తడిసిన రన్‌వేకు పొడి లెక్కలు

2020 ఆగస్టు 7 రాత్రి దుబాయ్ నుంచి కోజికోడ్ వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 నేలను తాకేసరికే 4,438 అడుగుల రన్‌వే వెనకబడిపోయింది. ఆ రన్‌వే మొత్తం పొడవే 8,858 అడుగులు. పైన వాన, వెనుక నుంచి గంటకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు గాలి. మిగిలిన సగంలో విమానం ఆగలేదు. చివర దాటి, కొండ అంచు నుంచి నూరడుగులకు పైగా కిందికి జారి ముక్కలైంది. 190 మందిలో ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది ప్రాణాలు పోయాయి.

ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదిక 2021 సెప్టెంబరులో బయటికొచ్చింది. నిలకడ తప్పాక కూడా దిగడానికే సిద్ధపడటం, ‘గో అరౌండ్’ అని పక్క పైలట్ చెప్పినా మళ్లీ పైకి లేపకపోవడం ప్రధాన కారణమని తేల్చింది. అందులో వాదించడానికేమీ లేదు. పత్రికలూ టీవీలూ అక్కడితో ఆ నివేదికను మూసేశాయి. అదే నివేదికలో, కెప్టెన్ వైపు అద్దం మీది వైపర్ సరిగ్గా పనిచేయలేదని ఉంది. మరునాటి పొద్దున్నే ఇంకో విమానం ఆయనే నడపాల్సి ఉందని, కోజికోడ్‌లో కెప్టెన్ల కొరత ఉందని, మరో విమానాశ్రయానికి మళ్లకుండా ఎలాగైనా అక్కడే దిగాలన్న ఒత్తిడికి ఇదీ కారణమై ఉంటుందని కూడా ఉంది. పైలట్ తప్పు చేశాడన్నది నిజమే. మనుషులు అలాంటి తప్పులు చేస్తూనే ఉంటారని ఒప్పుకొని రన్‌వే కట్టామా అన్నది వేరే ప్రశ్న. మన దేశంలో ఆ రెండో ప్రశ్న ఎప్పుడూ వెనక బెంచీలోనే ఉంటుంది.

విమానం ఆగడానికి ఎంత దూరం కావాలన్నది పొడి రన్‌వే మీద, పరీక్షా పైలట్ చేతిలో తేల్చే లెక్క. జెట్ విమానానికి ఆ దూరం రన్‌వేలో 60 శాతం మించకూడదు. తడిగా ఉంటుందని తెలిస్తే, అలా తేలిన రన్‌వే పొడవుకు ఇంకో 15 శాతం కలుపుతారు. అంటే వానకు మనం ఇచ్చేది చాలావరకు గుణకారపు లెక్కే. తడి నేల మీద బ్రేకులు అనుకున్నంతగా పట్టని ఘటనలు వరసగా జరిగాక, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2015లో ఈ లెక్కలు సరిపోకపోవచ్చని విమాన సంస్థలను హెచ్చరించింది.

ఎందుకు పట్టవో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చక్రం నీటిని పక్కకు తోసేంత సమయం లేనప్పుడు నీటిపొర మీదికెక్కి తేలుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. నాసా ఇంజినీర్లు ఎప్పుడో ఒక చిన్న సూత్రం కట్టారు: టైరులోని గాలి ఒత్తిడికి వర్గమూలం తీసి, తొమ్మిదితో హెచ్చిస్తే చక్రం తేలడం మొదలయ్యే వేగం నాట్లలో వస్తుంది. 200 పీఎస్ఐ టైరుకు ఇది సుమారు 127 నాట్లు, గంటకు 235 కిలోమీటర్లు. బోయింగ్ 737 లాంటివి నేలను తాకేది సాధారణంగా అంతకంటే ఎక్కువ వేగంతోనే. నీరు నిలిచి ఉంటే, బ్రేకులు అన్నిటికంటే అవసరమైన తొలి క్షణాల్లోనే అవి ఉత్తుత్తివి అవుతాయి.

కాబట్టి నీరు నిలవకూడదు. రన్‌వే మధ్య నుంచి రెండు పక్కలకూ ఒకటిన్నర శాతం వాలు ఇచ్చేది అందుకే. ఉపరితలం మీద అడ్డంగా సన్నటి గాళ్లు కోసేదీ అందుకే. ఎఫ్ఏఏ ప్రమాణం ప్రకారం ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 38 మిల్లీమీటర్లకొకటి. తొక్కిన నీరు ఆ గాళ్లలోకి దిగుతుంది, టైరుకు నేల దొరుకుతుంది. అయితే ప్రతి విమానమూ దిగేటప్పుడు కాస్త రబ్బరు అక్కడే వదిలి వెళ్తుంది. అది గాళ్లను పూడ్చేస్తుంది. దానిమీద వాన పడితే జిడ్డు గచ్చు మీద నీళ్లు కుమ్మరించినట్టే. నీరు మిల్లీమీటరు మందం లేకపోయినా చక్రం జారుతుంది. బలమైన నీటిధారతో ఆ రబ్బరును గీకి తీయడం, తర్వాత యంత్రంతో ఘర్షణ కొలవడం ఖరీదైన విద్యలేమీ కావు, క్రమం తప్పకుండా చేయాల్సిన పనులు. కోజికోడ్‌లో పగుళ్లు, నీటి నిల్వ, రబ్బరు పేరుకుపోవడం గురించి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2019 జులైలోనే నోటీసు ఇచ్చింది.

బ్రెజిల్ ఈ పాఠాన్ని మనకంటే ముందే, ఇంకా ఘోరంగా చదువుకుంది. సావో పాలో నగరం నడిబొడ్డున ఉన్న కాంగోన్యాస్ రన్‌వేకు 2007లో కొత్త తారు పరిచి, గాళ్లు కోయకుండానే విమానాలను అనుమతించారు. జులై 16న ఒక చిన్న విమానం జారింది. మర్నాడు టామ్ సంస్థ ఎయిర్‌బస్ ఏ320 ఆగక, రోడ్డు మీదుగా ఎగిరి అవతలి భవనాన్ని ఢీకొట్టింది. 199 మంది చనిపోయారు. ఒక ఇంజిన్ లీవరు విమానం పైకెక్కేటప్పుడు ఉండాల్సిన స్థానంలోనే ఉండిపోయిందని దర్యాప్తులో తేలింది. అక్కడా మనిషి చేయి ఉంది. గాళ్లు ఉంటే ఆ విమానం ఆగేదని చెప్పలేం. అయినా గాళ్లు కోసేదాకా ఆగుదామని ఎవరూ అనుకోకపోవడం మాత్రం పైలట్ల పొరపాటు కాదు.

ఇక రన్‌వే అయిపోయాక ఏముందన్నది. చివర కనీసం 90 మీటర్ల భద్రతా స్థలం ఉండి తీరాలని, వీలైతే 240 ఉంచమని అంతర్జాతీయ నిబంధన. అంత చోటు లేని దగ్గర, చక్రాల కింద నలిగిపోతూ విమానాన్ని పట్టి ఆపే తేలికపాటి కాంక్రీటు దిమ్మెల పడకను వేస్తారు. న్యూయార్క్ కెన్నడీ విమానాశ్రయంలో 1996లో వేసిన అలాంటి పడక 1999లో ఒక చిన్న విమానాన్ని ఆపింది. 2005లో అక్కడే బోయింగ్ 747 సరుకు విమానం కూడా అలాగే ఆగింది. వాటిని లెక్కగట్టేది గంటకు 130 కిలోమీటర్ల వేగానికి. కోజికోడ్ విమానం అంతకంటే వేగంగానే చివర దాటింది కనుక పూర్తిగా ఆగేది కాదేమో. కానీ లోయ అంచుకు వచ్చేసరికి ఎంతో నెమ్మదించి ఉండేది. 2010లో మంగళూరు విమాన ప్రమాదంలో 158 మంది చనిపోయినప్పటి నుంచీ ఈ పడకల గురించి చర్చ నడుస్తూనే ఉంది. ఖర్చెక్కువ అన్న జవాబూ వస్తూనే ఉంది.

కోజికోడ్ ప్రమాదం తర్వాత నడిచిన కథ ఇంకా విచిత్రం. భద్రతా స్థలం పెంచడానికి భూమి ఇవ్వండి, లేకుంటే రన్‌వేను కుదిస్తాం అంది కేంద్రం. కుదిస్తే పెద్ద విమానాలు రావని అక్కడ ఆందోళన. ఎవరి బాధ వారిది. గల్ఫ్ మీద బతికే ప్రాంతానికి విమానం ఎంత ముఖ్యమో నిజామాబాద్, జగిత్యాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా వాదనంతా పొడవు చుట్టూనే తిరిగింది.

మన దగ్గరా అంతే. రాజమహేంద్రవరం రన్‌వే మూడు కిలోమీటర్లు దాటిందని, గన్నవరంలో 3,360 మీటర్లని, భోగాపురంలో 3,800 అని నాయకులు గర్వంగా చెబుతారు. వరంగల్ మామునూరు వంతు వచ్చినా మొదట వినబడేది పొడవే. పొడవు మంచిదే, కాదనను. కానీ ముంబయి ప్రధాన రన్‌వే పొట్టిదేమీ కాదు. అయినా వానాకాలంలో 2017లో ఒకటి, 2019లో ఇంకొకటి స్పైస్‌జెట్ విమానాలు దాని చివర దాటి బురదలో దిగబడ్డాయి. 2023 సెప్టెంబరులో విశాఖ నుంచి వెళ్లిన చిన్న జెట్ అక్కడే జోరువానలో పక్కకు జారి రెండు ముక్కలైంది.

2021 నవంబరు నుంచి ప్రపంచమంతటా రన్‌వే స్థితిని ఆరు నుంచి సున్నా దాకా అంకెతో, మూడు భాగాలకూ విడివిడిగా చెప్పే పద్ధతి వచ్చింది. పొడిగా ఉంటే ఆరు, మామూలు తడికి అయిదు, మూడు మిల్లీమీటర్లు మించి నీరు నిలిస్తే రెండు. ఈ అంకె పైలట్‌కు చేరుతుంది, మంచిదే. అయితే కుండపోత వానలో అయిదు రెండుగా మారడానికి కొన్ని నిమిషాలు చాలు. అప్పుడు రన్‌వే మీదికి వెళ్లి చూసొచ్చే మనిషి ఎక్కడుంటాడు? ఘర్షణ కనీస స్థాయి కంటే తగ్గిన రన్‌వే తడిస్తే దానికి దక్కాల్సింది అయిదు కాదు, మూడు. ఏ రన్‌వే ఏ కోవలోకి వస్తుందో ఘర్షణ పరీక్షలే చెప్పాలి. ఆ పరీక్షలు జరుగుతాయి, ఫలితాలు ఫైళ్లలో ఉంటాయి. ఏటా జూన్‌కు ముందు ప్రతి విమానాశ్రయమూ తన ఘర్షణ అంకెను, రబ్బరు చివరిసారి తీసిన తేదీని, చివరనున్న భద్రతా స్థలం పొడవును బయటపెట్టాలని డీజీసీఏ ఆదేశించవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, భూసేకరణ అంతకన్నా అక్కర్లేదు.