పందిరి వేసినవాడే విప్పాలి

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ మొదలవగానే అందరం చేసే మొదటి పని వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో ఉబుంటు ఎక్కించడం. ఎలా ఎక్కించాలో మాన్యువల్‌లో స్క్రీన్‌షాట్లతో సహా ఉంటుంది. సెమిస్టర్ అయ్యాక ఎలా తీసేయాలో ఒక్క లైన్ కూడా ఉండదు. తీసేయడం కూడా సిలబస్‌లో భాగమే కావాలని నా వాదన.

ఎందుకంటే ఇది మామూలు యాప్ కాదు. మన విండోస్ హోస్ట్, లోపల నడిచే ఉబుంటు గెస్ట్. వచ్చే చుట్టం కోసం ఇంటిముందు పందిరి వేసినట్టు, ఈ సాఫ్ట్‌వేర్ డ్రైవర్లు, సర్వీసులు, ఉత్తుత్తి నెట్‌వర్క్ అడాప్టర్లు పెడుతుంది. వీఎమ్‌వేర్ అయితే వీఎమ్‌నెట్1, వీఎమ్‌నెట్8 అని రెండు కనిపిస్తాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఫోల్డర్ డిలీట్ కొట్టేస్తే చుట్టం వెళ్ళిపోతాడు గానీ గుంజలు అలాగే ఉంటాయి.

పద్ధతి ఏమంత కష్టం కాదు. ముందు గెస్ట్‌ని సేవ్ స్టేట్‌లో వదలకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. కావాల్సిన కోడ్ బయటికి కాపీ చేసుకోండి. వర్చువల్‌బాక్స్‌లోనే ఆ మెషీన్‌ని రిమూవ్ చేసి, ఫైళ్ళు కూడా డిలీట్ చేయమనండి. తర్వాతే సెట్టింగ్స్‌లో అన్‌ఇన్‌స్టాల్, ఆపైన రీస్టార్ట్. చివరగా డివైస్ మేనేజర్‌లో హిడెన్ డివైసెస్ ఆన్ చేసి, పాత అడాప్టర్లు మిగిలాయేమో చూడండి.

ఈ వరుస తప్పితే ఏమవుతుంది? అన్‌ఇన్‌స్టాల్ చేసినా 'వర్చువల్‌బాక్స్ వీఎమ్స్' ఫోల్డర్ పోదు. అందులోది మన డేటా కాబట్టి ముట్టుకోకపోవడం న్యాయమే. కానీ ఆ డిస్క్ ఫైల్ వాడేకొద్దీ పెరుగుతుందే తప్ప, లోపల డిలీట్ చేసినంత మాత్రాన దానంతటది తగ్గదు. పైగా మన ఎస్‌ఎస్‌హెచ్ కీలు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అందులోనే ఉండొచ్చు. ల్యాప్‌టాప్ ఎవరో జూనియర్‌కి అమ్మితే అవీ వాళ్ళతోపాటే వెళ్తాయి.

అలాగని కనిపించినదల్లా పీకేయకూడదు. విండోస్ ఫీచర్స్‌లో 'వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్' ఆఫ్ చేస్తే డబ్ల్యూఎస్‌ఎల్ 2 నడవదు. దాని మీద ఆధారపడిన డాకర్ డెస్క్‌టాప్ కూడా ఆగిపోతుంది. బయోస్‌లో వీటీ-ఎక్స్ ఆఫ్ చేయాల్సిన పనే లేదు, అది ప్రాసెసర్‌కి పుట్టుకతో వచ్చిన గుణం.

"ఇంత గోల ఎందుకు, విండోస్ రీసెట్ కొడితే పోలా?" అంటారు. అమ్మేసే ల్యాప్‌టాప్‌కి అది సరైనదే. రేపు ఆఫీసులో మాత్రం కుదరదు. మనలో చాలామంది కలలుగనే హైటెక్ సిటీ ఉద్యోగాల్లో పని జరిగేది ఇలాంటి వర్చువల్ మెషీన్ల మీదే. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది. అక్కడ మెషీన్ తీసేసినా, దానికి విడిగా తగిలించిన డిస్క్ సాధారణంగా ఉండిపోతుంది. బిల్లు పడుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో పోయేది కాస్త చోటు, అక్కడ పోయేది డబ్బు.

కాబట్టి ల్యాబ్ మాన్యువల్‌లో ఆఖరి ఎక్స్‌పరిమెంట్‌గా అన్‌ఇన్‌స్టాల్ పెట్టాలి. వైవాలో "హైపర్‌వైజర్ ఎన్ని రకాలు?" అని అడిగినట్టే, "నువ్వు వేసింది ఆనవాలు లేకుండా తీసి చూపించు" అని కూడా అడగాలి. బట్టీ పట్టి చెప్పలేని ప్రశ్న అది.