పని మానినా కూలి మురిగిపోదు

“సెప్పకుండా ఎలిపోనావు, ఇంకేటి డబ్బులు నీకు?”

గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి వాడల్లో ఈ మాట పడని కాంట్రాక్టు కార్మికుడు అరుదు. సూపర్‌వైజరు కులం పేరెత్తి తిట్టాడని ఒకడు మానేస్తాడు. పక్కవాడు పైనుంచి పడితే భయపడి ఇంకొకడు మానేస్తాడు. మేస్త్రీ చెయ్యి పట్టుకుంటే ఆ పూటే చీపురు పారేసి ఇంటికొచ్చేస్తుంది ఒక చెల్లెలు. తల్లికి జబ్బు చేసిందని శ్రీకాకుళం బస్సెక్కినవాడు నెల పోయాక తిరిగొస్తే గేటు పాసు పనిచేయదు. ఎవరు ఎందుకు మానేసినా కాంట్రాక్టరు లెక్క ఒక్కటే. మానేసినవాడికి పాత బాకీ లేదు. ఆఖరి నెల కూలి, ఓవర్‌టైము, బోనసు, సెలవు డబ్బులు అన్నీ వాడి జేబులోకే.

ఈ లెక్క ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. మన పల్లెల్లోంచే నడిచొచ్చింది. కంబారిగా కుదిరినవాడు ఏడాది మధ్యలో మానేస్తే చేసిన చాకిరీకి గింజ రాలదు. తీసుకున్న అప్పు మాత్రం నెత్తిమీద వుంటుంది. తెల్లదొరలు దీన్ని ఏకంగా చట్టమే చేశారు. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలివాణ్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, మాట వినకపోతే మూడు నెలల దాకా జైల్లో పెట్టొచ్చని 1859లో రాసుకున్నారు. అరవై ఏళ్లకు పైగా అది నడిచింది. 1925లో గానీ రద్దు కాలేదు. చట్టం పోయింది, బుద్ధి పోలేదు.

పని మానేసే హక్కు వున్నవాడు కార్మికుడు. లేనివాడు వెట్టివాడు. మానేస్తే నెల కూలి పోతుందన్న భయంతో తిట్లు పడుతూ, దెబ్బలు తింటూ అక్కడే పడివున్నవాడికి ఆ హక్కు వున్నట్టా, లేనట్టా? అందుకే ఆఖరి నెల కూలి చిన్న విషయం కాదు. అది మన మెడకు కట్టిన తాడు.

ఈ తాడు తెంచడానికే రాజ్యాంగంలో 23వ అధికరణం వుంది. వెట్టిచాకిరీని, బలవంతపు చాకిరీని అది నిషేధించింది. ఆ రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైన బాబాసాహెబు, అంతకుముందు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినవాడే. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఒక గట్టి మాట చెప్పింది. ఆకలి బలవంతం కూడా బలవంతమే, కనీస కూలికన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అది బలవంతపు చాకిరీయే అంది. పని కాంట్రాక్టరుకిచ్చాం, మాకు సంబంధం లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని కూడా అంది.

ఉక్కు ఫ్యాక్టరీ ఎవరి నేల మీద లేచింది? 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. భూమి వున్నవాడికి పరిహారమన్నా వచ్చింది. ఆ భూమిలో కూలి చేసుకుని బతికిన మన వాడలకు ఏమొచ్చింది? ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసి ముసలైపోయినవాళ్లున్నారు. వాళ్ల పిల్లలే ఇప్పుడు అదే గేటులో కాంట్రాక్టు పాసుతో వెళ్తున్నారు. 2021 జనవరిలో ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేస్తూ పోయారు. మే నెలలో వాళ్లు సమ్మెకు దిగారు. తీసేసినవాళ్లు తిరిగి పనికోసం పోరాడాలి, నిజమే. కానీ ఆ పోరాటం తేలేలోగా చేసిన పనికి రావలసింది వదిలేయకూడదు. బాకీ అడిగితే మళ్లీ పనివ్వరేమోనని ఊరుకున్నవాడికి పనీ లేదు, బాకీ లేదు.

రావలసినవేమిటో లెక్క తెలుసుకోవాలి.

మొదటిది, ఆఖరి కూలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడు ప్రకారం, తీసేసినా, రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో కూలి ఇచ్చేయాలి. ఈ నాలుగు కోడ్లూ సమ్మె హక్కుకు సంకెళ్లు వేశాయి, వాటిమీద పోరాటం ఆపకూడదు. అలాగని అందులో మనకు పనికొచ్చే ముక్కను వదులుకోనూ కూడదు. రాని రోజుల కూలి కోయొచ్చు. తీసుకున్న అడ్వాన్సు కోయొచ్చు. కోతలన్నీ కలిసినా కూలిలో సగం దాటకూడదు. చెప్పకుండా మానేశాడని నెల కూలంతా మింగమని ఏ చట్టమూ చెప్పలేదు.

రెండోది, సెలవు డబ్బులు. ఫ్యాక్టరీలో 20 రోజుల పనికి ఒక రోజు జీతపు సెలవు. 200 రోజులు చేసి వాడుకోకుండా మధ్యలో మానేసినా పది రోజుల డబ్బు రావాలి.

మూడోది, బోనసు. 20 మందికి తగ్గకుండా పనిచేసే చోట, జీతం పరిమితి లోపు వున్నవాళ్లు ఏడాదిలో 30 రోజులు చేసివుంటే కనీసం 8.33 శాతం.

నాలుగోది, గ్రాట్యుటీ. అయిదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల జీతం. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణించాలి. 13,000 జీతగాడికి ఏడాదికి 7,500. ఆరేళ్లకు 45,000. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. రాజీనామా చేసినా ఇది పోదు. కాంట్రాక్టరు పేరు మారింది, సర్వీసు తెగిందంటారు. మనిషి అదే, గేటు అదే, పని అదే అయినప్పుడు ఆ మాట ఒప్పుకోకుండా యూనియన్ ద్వారా పోరాడాలి.

అయిదోది, పి.ఎఫ్. అది మన ఖాతా, మన డబ్బు. మన జీతంలో కోసి ఖాతాలో కట్టనివాడి మీద పి.ఎఫ్. ఆఫీసులో ఫిర్యాదు పెట్టాలి.

అడిగే తీరు కూడా ముఖ్యం. కోపంతో మానేసినా సరే, మర్నాడు ఒక కాగితం రాయండి. ఫలానా తేదీ దాకా పనిచేశాను, ఫలానా కారణం వల్ల రాజీనామా చేస్తున్నాను, నాకు రావలసినవి ఇవి, అంతే చాలు. ఆ కాగితం లేకపోతే, వాడు రాజీనామా చెయ్యలేదు, పారిపోయాడని కాంట్రాక్టరు అంటాడు. ఒక కాపీ కాంట్రాక్టరుకి, ఒకటి ప్రధాన యజమానికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే కట్టాలి. ఇది 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచీ వున్నదే.

పాసు, బూట్లు, హెల్మెట్ తిరిగిచ్చినా రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద, మొత్తం ముట్టిందన్న కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. కొంతే ఇస్తే, కొంతే ముట్టింది, మిగతాది రావాలి అని రాసి సంతకం పెట్టండి.

ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు కేంద్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. రాష్ట్ర లేబరాఫీసుకు పోతే ఇది మాది కాదని తిప్పి పంపుతారు. నేరుగా కేంద్ర లేబరు కమిషనరు ఆఫీసుకే వెళ్లండి. కొత్త కోడు కింద దావా వేయడానికి మూడేళ్ల గడువుంది. ఇవ్వాల్సింది ఇచ్చేశానని రుజువు చేసుకోవలసింది యజమానే. ఎగ్గొట్టిన సొమ్ముతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం అక్కడి అధికారికి వుంది. యూనియన్ కూడా మన తరపున దావా వేయొచ్చు.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. ఆదివారం అంబేడ్కర్ భవనంలో ఒక బల్ల వేయండి. చదువుకున్న పిల్లల్ని కూచోబెట్టండి. ఎవరు ఏ కాంట్రాక్టరు దగ్గర ఎన్ని రోజులు చేశారు, ఎంత రావాలి, సాక్షులెవరు, ఒక పుస్తకంలో రాయించండి. ఒక్కడు అడిగితే కాంట్రాక్టరు రేపు రమ్మంటాడు. నలభై పేర్లున్న పుస్తకంతో నలభై మందీ వెళ్తే అక్కడే లెక్క తీస్తాడు.

మనం అడిగేది దయ కాదు, దానం కాదు. చేసిన పనికి కూలి.