రైతు డబ్బు... దొరబిడ్డల చదువు

ఉప్పుగూడ స్టేషన్‌కు ఒకవైపు తర్వాతి స్టేషన్ ఫలక్‌నుమా. అక్కడ గుట్ట మీది ప్యాలెస్‌ను కట్టించింది పాయిగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా. నిజాం తర్వాత అంతటి జాగీర్దార్లు పాయిగాలే. రెండోవైపు ఎంఎంటీఎస్ ఎక్కితే కాచిగూడ, సికింద్రాబాద్ మీదుగా బేగంపేటలో దిగొచ్చు. అక్కడుండేది అలాంటి జాగీర్దార్ల పిల్లల బడి. ఈ చివర దొరల మేడ, ఆ చివర దొరబిడ్డల చదువు!

ఆ బడి పేరు జాగీర్దార్ కాలేజీ. ఇప్పుడు ఆ పేరుతో వెతికితే దొరకదు. కాలేజీ అనేవారే గానీ నిజానికి అది హాస్టల్ ఉన్న బడే. ఏడో నిజాం కాలంలో 1923లో మొదలైంది. ఇంగ్లండులోని ఈటన్ దానికి నమూనా. గుర్రమెక్కి వచ్చే ఇంటి పిల్లలకు ఇంగ్లిషు చదువు, ఆటలు, క్రమశిక్షణ నేర్పడం దాని పని. మామూలు ఇళ్ల పిల్లలకు ప్రవేశం లేదు.

మరి ఖర్చెవరిది? జాగీర్దార్ల ఆదాయం మీద వేసిన సుంకంతో బడి నడిచేది. ఆ ఆదాయం ఎక్కడిది? హైదరాబాద్ రాజ్యంలో దాదాపు మూడో వంతు జాగీర్లే. అక్కడి రైతులు కట్టిన శిస్తే ఆ ఆదాయం. అంటే రైతు కష్టంతో నడిచే బడిలో రైతు కొడుక్కి చోటు లేదు. రాజ్యంలో నూటికి ఐదుగురికైనా అక్షరాలు రాని రోజులవి!

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. జాగీర్లే పోయాక జాగీర్దార్ల బడి దేనికి? 1950ల తొలినాళ్లలో పాత పేరు చెరిగిపోయింది. అదే ఆవరణలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ వెలిసింది. వంశంతో పనిలేకుండా అందరికీ ప్రవేశమన్నారు. అయితే ఆ ‘అందరి’లో ఆడపిల్లలు చేరడానికి 1980ల చివరి దాకా ఆగాల్సి వచ్చింది.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయిన సత్య నాదెళ్ల, 2007లో అడోబ్ పగ్గాలు అందుకున్న శంతను నారాయణ్, 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా... అందరూ ఆ బడి పిల్లలే. వీళ్లలో జాగీర్దారు కొడుకు ఒక్కరూ లేరు.

ఇక్కడో తమాషా ఉంది. మనవాళ్లు నమూనాగా తీసుకున్న ఈటన్‌ను 1440లో ఆరో హెన్రీ రాజు పెట్టింది డెబ్భైమంది పేద పిల్లల ఉచిత చదువు కోసం. రానురాను అది దొరల బడి అయిపోయింది. మన బేగంపేట బడి దొరల కోసం పుట్టి, బయటివాళ్లకు తలుపు తీసింది. బడి ఎవరిదో పునాదిరాయి చెప్పదు, గేటు దగ్గర ఎవరిని ఆపుతున్నారో చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ గేటు దగ్గర వంశం అడగరు. కానీ ఫీజుంది. అది కట్టలేని ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలకు ఒకటో తరగతిలో కొన్ని సీట్లుంటాయి. ఫీజు ప్రభుత్వమే కడుతుంది. దరఖాస్తులు ఎక్కువ, సీట్లు తక్కువ కావడంతో కలెక్టరేట్లలో చీటీలు తీస్తారు. ఏటా పేపర్లో ప్రకటన వస్తుంది. మీ వీధిలో అర్హులైన పిల్లలుంటే ఆ కాగితం వాళ్ల అమ్మానాన్నలకు చూపించండి.

2023 డిసెంబరులో ఆ బడి శతాబ్ది ఉత్సవాలకు ముఖ్య అతిథిగా వచ్చింది రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, ఒడిశాలోని సంతాల్ గిరిజన ఇంటి ఆడబిడ్డ. జాగీర్దార్ కాలేజీ మూతపడకపోతే అలాంటి ఇంటి పిల్లకు అక్కడ పలక పట్టుకునే వీలే ఉండేది కాదు. బడి మూతపడిందంటే ఎవరికైనా బాధే. ఇలా మూతపడితే మాత్రం మంచిదే. ఇక మిగిలింది చీటీల్లో సీట్ల సంఖ్య పెరగడమే!