చిన్న నౌకపై పెద్ద సాహసం

విమానవాహక నౌకల బలాన్ని టన్నులలోను, విమానాల సంఖ్యలోను లెక్కకట్టడం మన రక్షణ చర్చలలో పరిపాటి. ఆ నౌకపై దిగే పైలట్‌కు పొరపాటు సరిదిద్దుకునే వ్యవధి ఎంత అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

1945 డిసెంబర్ 3న బ్రిటిష్ పైలట్ ఎరిక్ బ్రౌన్ 'ఓషన్' నౌకపై వాంపైర్ జెట్‌ను దింపి చరిత్ర సృష్టించారు. అయితే ఒకరి నైపుణ్యం అందరికీ రక్షణ కాజాలదు. తొలితరం జెట్ ఇంజన్లు థ్రాటిల్ పెంచిన వెంటనే శక్తి పుంజుకునేవి కావు. దిగే వేగం అధికం, ఇంధన వ్యయమూ అధికమే. విమానం కొక్కెం డెక్‌పై తీగను అందుకోకపోతే ఎదుట మిగిలేది అడ్డుకట్ట వల, దాని వెనుక నిలిపి ఉంచిన విమానాలు. కోణంగా మళ్లించిన డెక్, ఆవిరి కేటపుల్ట్, దిగే దారి చూపే అద్దం 1950 దశకంలో వచ్చాకనే ఈ ముప్పు తగ్గుముఖం పట్టింది.

ప్రపంచయుద్ధకాలంలో ప్రొపెల్లర్ విమానాల కోసం రూపొందిన మన తొలి 'విక్రాంత్' ఈ హంగులతోనే 1961 మార్చి 4న నౌకాదళంలో చేరింది. ఆ ఏడాది మే 18న దానిపై తొలి జెట్‌ను దింపిన లెఫ్టినెంట్ తహిలియానీ తదుపరి నౌకాదళాధిపతి అయ్యారు. హంగులు సమకూరినా నౌక పొడవు సుమారు 213 మీటర్లే. గాలికి ఎదురుగా నౌక వేగంగా సాగితేనే విమానం సురక్షితంగా లేచేది, దిగేది. 1971లో బాయిలర్ పగుళ్లతో ఆ వేగమూ తగ్గిపోయింది. అయినా డిసెంబర్ 4న సీహాక్‌లు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌లపై విజయవంతంగా దాడి చేశాయి. విశాఖ తీరంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి 'ఘాజీ' వెతుకుతూ వచ్చింది ఈ నౌకనే.

ఆ విజయం గర్వకారణమే. కాని చిన్న నౌక చాలుననడానికి దానిని నిదర్శనంగా చూపడం సరికాదు. నౌకలోని లోటును పైలట్లు తమ ప్రాణాలొడ్డి పూడ్చారన్నదే అసలు పాఠం.

తొలి విక్రాంత్ 1997 జనవరి 31న విశ్రమించింది. 2022 సెప్టెంబర్ 2న చేరిన కొత్త విక్రాంత్ పొడవు 262 మీటర్లు. నౌకాదళానికి 26 రాఫెల్ విమానాల కొనుగోలుకు 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. ఇక మరో నౌక అవసరమా అన్న చర్చలో ఖర్చును ప్రశ్నించడం సమంజసమే. నిధులు చాలకపోతే నిర్మాణాన్ని వాయిదా వేయవచ్చు. భద్రతకు కావలసిన పొడవును, వేగాన్ని కుదించరాదు. సాహసాన్ని శ్లాఘించడం సులువు. అటువంటి సాహసం అవసరం లేకుండా చూడడమే ప్రభుత్వ బాధ్యత.