భోజనాల గదిలో అచ్చుయంత్రం

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నారనగానే పెదవి విరిచేవాళ్లు మన సాహిత్య లోకంలో ఇంకా ఉన్నారు. హోగార్త్ ప్రెస్ సంగతి వాళ్లకు ఒకసారి గుర్తుచేయాలి.

వర్జీనియా వుల్ఫ్, ఆమె భర్త లెనార్డ్ ముద్రణ నేర్చుకుందామని వెళ్తే, అప్రెంటిస్‌లకు తప్ప నేర్పబోమని లండన్ ముద్రణ పాఠశాలవాళ్లు పంపేశారు. 1917 మార్చిలో ఫారింగ్డన్ వీధి దుకాణంలో ఓ చిన్న చేతి యంత్రాన్నీ, టైపునూ కొన్నారు. మొత్తం ఖర్చు 19 పౌన్లు, ఆపైన కాస్త చిల్లర. రిచ్‌మండ్‌లోని హోగార్త్ హౌస్ భోజనాల గదిలో దాన్ని పెట్టుకున్నారు. వాళ్లకు గురువు 16 పేజీల చిన్న పుస్తకమొక్కటే. లెనార్డ్‌కు చేతులు వణికేవి; అందుకని అక్షరాలు పేర్చే పని వర్జీనియాది, యంత్రం నడపడం ఆయనది. జూలైకల్లా ఇద్దరి కథలూ చెరొకటి కలిపి సుమారు 150 ప్రతులు వేశారు.

వర్జీనియా తొలి రెండు నవలలు అచ్చేసింది జెరాల్డ్ డక్‌వర్త్, ఆమె తల్లి మొదటి పెళ్లి సంతానం. 1922లో ‘జేకబ్స్ రూమ్’ సొంత సంస్థ నుంచి వచ్చింది. ఇక రాతప్రతి పట్టుకుని ఎవరి గుమ్మం ముందూ నిలబడాల్సిన పని లేదు. ‘ది వేవ్స్’ లాంటి నవల రాసే తెగువలో ఈ భరోసాకు చాలా వాటా ఉందనే నా నమ్మకం.

అయితే యంత్రం చిన్నది. 1918లో జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’ వీళ్ల దగ్గరికి వచ్చింది. అంత పెద్ద పుస్తకం చేత్తో కూర్చడం అయ్యే పని కాదు. బయట అడిగితే ముద్రాపకులు జడిశారు. అశ్లీలం కేసు పెడితే అచ్చువేసినవాడూ బోనెక్కాలి. 1940లో అహ్మద్ అలీ ‘ట్విలైట్ ఇన్ ఢిల్లీ’కీ ముద్రాపకుల అభ్యంతరమే ఎదురైంది. ఈసారి కారణం రాజద్రోహ భయం. ఇ.ఎం. ఫార్‌స్టర్ వంటివారు పూనుకుంటే గానీ పుస్తకం బయటపడలేదు.

చేతిపనిగా మొదలైన సంస్థ నిలదొక్కుకున్నది మాత్రం లెనార్డ్ లెక్కల పుస్తకం మీద. పెన్నీ పెన్నీకి ఆయన పెట్టే ఆరా పడలేక సహాయకులు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయేవారు. ఎలియట్ ‘ది వేస్ట్ లాండ్’ను 1923లో వర్జీనియా స్వయంగా కూర్చారు, వేసినవి 460 ప్రతులు. గల్లా నింపింది వీటా శాక్‌విల్-వెస్ట్ నవలలు. 1924 నుంచి ఫ్రాయిడ్ రచనలూ చేరాయి.

1938లో తన వాటాను జాన్ లీమన్‌కు అమ్మిన వర్జీనియా 1941లో చనిపోయారు. 1946లో సంస్థ చాటో అండ్ విండస్ చేతికి వెళ్లింది. ఫ్రాయిడ్ సమగ్ర రచనల 24 సంపుటాలు మాత్రం 1974 దాకా హోగార్త్ పేరుమీదే వెలువడ్డాయి.