గ్యాస్ మాత్రలు, ప్రేగుల అంటువ్యాధులు

విరేచనాలు పట్టుకోగానే మనం ముందుగా నిందించేది నీటిని, తరువాత బయట తిన్న ఆహారాన్ని. ఆ నింద చాలావరకు న్యాయమే. మురుగు కలిసిన నీరు, ఈగలు వాలిన తినుబండారాలు, సరిగా ఉడకని కోడిమాంసం, పచ్చిమాంసం కోసిన పలకపైనే తరిగిన కొత్తిమీర ద్వారా సాల్మొనెల్లా, షిగెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బాక్టీరియాలు ప్రేగులకు చేరుతాయి. అయితే ఒకే పంక్తిలో కూర్చుని ఒకే భోజనం చేసినవారిలో కొందరే జబ్బుపడతారెందుకు?

జవాబులో కొంత భాగం తిన్నవారి శరీరంలోనే ఉంటుంది. పసితనం, వృద్ధాప్యం, వ్యాధినిరోధక శక్తిని తగ్గించే జబ్బులు, మందులు ముప్పును పెంచుతాయి. వీటిలో చాలావాటిని మనం మార్చలేము. మార్చగలిగి కూడా పట్టించుకోని కారణం ఒకటి ఉందని నా అభిప్రాయం. అది ఏళ్ల తరబడి, అవసరం ఉన్నా లేకున్నా, పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర.

జఠరంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం జీర్ణక్రియకు తోడ్పడడంతో పాటు, ఆహారంతో లోపలికి వచ్చే క్రిములలో అధిక భాగాన్ని చంపుతుంది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులపై జరిపిన కలరా పరిశోధనలలో ఈ విషయం రుజువైంది. వంటసోడాతో ఆమ్లాన్ని తటస్థం చేసినప్పుడు, మామూలుగా జబ్బు కలిగించలేనంత తక్కువ క్రిములే వారికి విరేచనాలు కలిగించాయి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్ వంటి మందులు ఈ ఆమ్లం ఊరడాన్నే బాగా తగ్గిస్తాయి.

ఈ మందులపై ప్రచారంలో ఉన్న భయాలన్నీ నిజం కావు. 17 వేలమందికి పైగా గుండె, రక్తనాళాల వ్యాధిగ్రస్తులలో కొందరికి పాంటాప్రజోల్, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించిన అధ్యయనం 2019లో వెలువడింది. న్యుమోనియా, ఎముకల విరుగుళ్లు, మతిమరుపు వ్యాధి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రేగుల అంటువ్యాధులు మాత్రం ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 1.0 శాతం, పాంటాప్రజోల్ వాడినవారిలో 1.4 శాతం. తేడా స్వల్పమే. కాని మంచినీటి గొట్టం మురుగుకాలువ పక్కనే సాగే మన ఊళ్లలో, లక్షలమంది రోజూ మింగే మాత్ర విషయంలో దీన్ని స్వల్పమని కొట్టిపారేయలేము.

దీనికి తోడు, జలుబుకూ జ్వరానికీ మందుల షాపులో అడిగి కొనుక్కునే యాంటీబయాటిక్స్. ఇవి ప్రేగులలో మనకు మేలుచేసే సూక్ష్మజీవులను కూడా నశింపజేస్తాయి. ఖాళీ అయిన ఆ చోట క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పెరిగి తీవ్రమైన విరేచనాలు కలిగించవచ్చు. ఆసుపత్రి గడప తొక్కనివారికి కూడా ఇది సోకుతుంది. ఆమ్లం తగ్గించే మందులకూ ఈ వ్యాధికీ సంబంధం ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే హెచ్చరించింది. అయినా మన మందుల చీటీలలో యాంటీబయాటిక్ పక్కన గ్యాస్ మాత్ర ఆనవాయితీగా చేరిపోతోంది.

ఇది చదివి ఎవరూ మాత్రను తమంతట తాము మానివేయవద్దు. జఠరంలో పుండ్లు పడి రక్తస్రావం అయినవారికి, ఆ ముప్పు ఉండి ఆస్పిరిన్ వంటి మందులు వాడేవారికి, అన్నవాహిక దెబ్బతిన్నవారికి అది ప్రాణరక్షణ కావచ్చు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం మరింతగా ఊరి మంట పెరగవచ్చు. వైద్యుని వద్దకు ఈసారి వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి: “ఈ మాత్ర నాకు ఏ జబ్బుకు ఇచ్చారు? ఎప్పటివరకు వాడాలి?” తృప్తికరమైన సమాధానం ఉంటే నిశ్చింతగా కొనసాగించండి. లేకుంటే క్రమంగా తగ్గించే మార్గం వారినే అడగండి.

నీరు కాచుకుని త్రాగడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎలాగూ తప్పవు. వాటితో పాటు, మన జఠరం మనకిచ్చిన రక్షణను అకారణంగా పోగొట్టుకోకుండా ఉండడం కూడా శుభ్రతలో భాగమేనని గుర్తించాలి.