ఉప్పెన దేవుడి కోపమా?

పెనుమూడి వారధి దాటితే పులిగడ్డ, ఆపైన దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల్లోనే పది వేలమంది దాకా పోయారు. అది పాపానికి దేవుడు వేసిన శిక్ష అని మైకులో చెప్పే బోధకులు ఇప్పటికీ ఉన్నారు.

అయ్యా, బైబిల్ తెరిచే చెబుతున్నారా? సిలోయములో గోపురం కూలి 18 మంది పోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులేం కాదనే యేసు చెప్పాడు (లూకా 13). మారుమనసు పొందమని కూడా అన్నాడుగా అంటారా? అన్నాడు.. వింటున్నవాళ్ళతో! పోయినవాళ్ళ మీద తీర్పు చెప్పలేదు.

యోబు స్నేహితులూ మీలాగే కష్టాన్ని చూసి పాపం లెక్కగట్టారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది ఎవరిమీద? ఆ స్నేహితుల మీదే. వాళ్ళకోసం ప్రార్థన చేసింది ఎవరు? వాళ్ళు నిందించిన యోబే.

లాగ్ చూడకుండా తప్పంతా యూజర్‌దే అని టికెట్ మూసేస్తే మా ఆఫీసులో ఊరుకోరు. గ్రంథం చూడకుండా దేవుడి గుణం తేల్చేస్తే మాత్రం మనం ఆమెన్ అంటాం!

లాజరు సమాధి దగ్గర యేసు ఎవరి పాపమని అడగలేదు, ఏడ్చాడు (యోహాను 11). నా మటుకు నాకు దేవుడి స్వభావం అక్కడ కనిపిస్తుంది. ఉప్పెనలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి కోసం ముందు మోకరించండి. ప్రార్థన చేసి లేచాక కూడా శిక్షే అనిపిస్తే, అప్పుడు పట్టుకోండి మైకు.